శబ్దాలు, ఉద్వేగాలు: నిత్యజీవితపు చప్పుళ్లను మనస్తత్వ శాస్త్రం ఎలా కొలుస్తుంది?



ఈనాటి పాఠాన్ని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. మీ ముందు ఒక తెల్లకాగితం, పెన్ను ఉంచుకోండి. నేను మూడు శబ్దాలు వినిపిస్తాను. ఒక్కొక్కటీ ఆరు సెకన్లు మాత్రమే ఉంటుంది. శబ్దం ఆగిన వెంటనే, ఎక్కువగా ఆలోచించకుండా, మీకు ఏమనిపించిందో ఒక్క మాటలో రాయండి. అది దేని చప్పుడో రాయవద్దు. మీకు ఏమనిపించిందో మాత్రమే రాయాలి.

(ఇక్కడ వరుసగా పసిబిడ్డ నవ్వు, నల్లబల్ల మీద గోళ్లతో గీకిన చప్పుడు, టెలిఫోను గంట వినిపించారు. ఈ పాఠాన్ని చదువుతున్నవారు ఆ శబ్దాలను మనసులో ఊహించుకుని రాయవచ్చు.)

రాశారా? ఇప్పుడు మీ కాగితాన్ని పక్కవారి కాగితంతో పోల్చి చూడండి. మొదటి శబ్దానికి దాదాపు అందరూ "సంతోషం" అనో, "ముద్దొచ్చింది" అనో రాసి ఉంటారు. రెండవదానికి ఒకరు "చిరాకు" అని, ఒకరు "అసహ్యం" అని, మరొకరు "పళ్లు జివ్వుమన్నాయి" అని రాసి ఉంటారు. బాగాలేదన్న విషయంలో అందరిదీ ఒకే మాట. ఏ విధంగా బాగాలేదన్న దగ్గర మాటలు వేరయ్యాయి. ఇక మూడవదానికి చాలామంది "ఏమీ అనిపించలేదు" అని రాస్తారు. కాని పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారికి ఆత్రం కలుగుతుంది. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నవారికి గుండె దడదడలాడుతుంది.

ఈ మూడు శబ్దాలలోనే ఈరోజు మన విషయమంతా ఉంది. ఒక శబ్దం ఏ ఉద్వేగాన్ని కలిగిస్తుందో చెప్పగలమా? చెప్పగలిగితే దానిని అంకెలలో కొలవగలమా? కొలిచిన ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

శబ్దాలను ఎందుకు కొలవాలి?

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. చూడదలచుకోనిదాని నుంచి ముఖం తిప్పుకోవచ్చు. వినదలచుకోని చప్పుడు మాత్రం గోడ దాటి, తలుపు సందుల్లోంచి వచ్చి చెవిన పడుతుంది. నిద్రలో ఉన్న తల్లి పసిబిడ్డ కాస్త ఏడిస్తే లేచి కూర్చుంటుంది. అందుకే ఉద్వేగాలను అధ్యయనం చేసేవారికి శబ్దం చాలా ఉపయోగకరమైన సాధనం. చూపులేనివారితో కూడా శబ్దాలతో ప్రయోగం చేయవచ్చు. చదువురానివారితో, చిన్నపిల్లలతో చేయవచ్చు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. విశాఖపట్నంలో ఒక పరిశోధకుడు కుక్క మొరుగును, హైదరాబాదులో మరొకరు ఉరుము చప్పుడును వినిపించి, ఇద్దరూ "భయాన్ని అధ్యయనం చేశాం" అంటే, ఆ ఫలితాలను పోల్చడం ఎలా? బజారులో ఒక్కో దుకాణదారు ఒక్కో రాయిని కిలో అని తూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తూకపురాళ్లకు ప్రమాణం ఉన్నట్లే ప్రయోగాలలో వాడే శబ్దాలకూ ఒక ప్రమాణం కావాలి. ఏ శబ్దం ఎంతమేరకు, ఏ ఉద్వేగాన్ని కలిగిస్తుందో ముందుగానే చాలామందిని అడిగి, సగటు కట్టి, పట్టికగా పెట్టుకోవాలి. ఆ తర్వాత ఎవరు ప్రయోగం చేసినా ఆ పట్టిక నుంచి శబ్దాలను ఎంచుకోవచ్చు.

అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్గరెట్ బ్రాడ్లీ, పీటర్ లాంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పని చేశారు. వారు తయారుచేసిన శబ్దాల సంకలనాన్ని పొట్టిగా ఐ.ఎ.డి.ఎస్. అంటారు. ఇది 1999లో మొదటిసారి వెలువడింది. 2007లో వచ్చిన రెండవ కూర్పులో 167 శబ్దాలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఆరు సెకన్లు. మనుషుల నవ్వులు, ఏడుపులు, అరుపులు, జంతువుల కూతలు, వాహనాలు, యంత్రాలు, వాన, గాలి, సంగీతపు ముక్కలు అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు ఈ సంకలనాన్ని వాడాయి.

మొదటి పద్ధతి: కొలమానం మీద గుర్తు

ఉద్వేగాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిని వేసినవారిలో విల్‌హెల్మ్ వుంట్ ముఖ్యుడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో మనస్తత్వ శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పినది ఆయనే. మన అనుభూతులన్నిటినీ మూడు కొలతలలో చెప్పవచ్చని వుంట్ అన్నాడు: హాయిగా ఉందా లేదా, ఉత్తేజంగా ఉందా శాంతంగా ఉందా, బిగువుగా ఉందా సడలికగా ఉందా. ఆ తర్వాత 1957లో చార్లెస్ ఆస్‌గుడ్, ఆయన సహచరులు మాటల అర్థాలను కొలిచే ప్రయత్నంలో ఇలాంటి మూడు కొలతలకే చేరుకున్నారు. 1980లో జేమ్స్ రస్సెల్ ఉద్వేగాలను ఒక వృత్తం మీద అమర్చి చూపాడు. అడ్డగీత సుఖానికి, నిలువుగీత ఉత్తేజానికి.

ఐ.ఎ.డి.ఎస్. కూడా ఈ దారిలోనే నడిచింది. ప్రయోగంలో పాల్గొనేవారిని మనం ప్రయోజ్యులు అంటాం. ప్రయోజ్యులకు శబ్దం వినిపించి, మాటలకు బదులు చిన్న బొమ్మలు చూపిస్తారు. మొదటి వరుసలో నవ్వు ముఖం నుంచి ముడుచుకున్న ముఖం వరకు బొమ్మలుంటాయి. రెండవ వరుసలో కంపించిపోతున్న మనిషి నుంచి జోగుతున్న మనిషి వరకు ఉంటాయి. మూడవ వరుసలో చిన్న బొమ్మ నుంచి పెద్ద బొమ్మ వరకు ఉంటాయి. పరిస్థితి మన చేతిలో ఉందా, మనం దాని చేతిలో ఉన్నామా అన్నది ఈ మూడవ వరుస చెబుతుంది. ఒక్కో వరుసలో 9 మెట్లు. తనకు అనిపించిన చోట ప్రయోజ్యుడు గుర్తు పెడతాడు. బొమ్మలు కనుక భాష అడ్డు తక్కువ.

మనుషులు చెప్పిన మాటకు శరీరం సాక్ష్యం పలుకుతుందా అని కూడా బ్రాడ్లీ, లాంగ్ 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో చూశారు. హాయిలేని శబ్దాలు వింటున్నప్పుడు కనుబొమలను ముడిచే కండరం ఎక్కువగా పనిచేసింది. ఆ సమయంలో అకస్మాత్తుగా ఒక పెద్ద చప్పుడు చేస్తే కంటిరెప్ప మరింత గట్టిగా కొట్టుకుంది. ఉత్తేజం కలిగించే శబ్దాలకు, అవి మంచివైనా చెడ్డవైనా, అరచేతి చెమట వల్ల చర్మంలో విద్యుత్ ప్రసారం పెరిగింది. అంటే కాగితం మీద పెట్టిన గుర్తు ఊరికే పెట్టినది కాదన్నమాట.

ఒకే చోట రెండు ఉద్వేగాలు

ఇప్పుడు ఒక ప్రశ్న. భయాన్ని ఈ కొలమానం మీద ఎక్కడ పెడతారు? హాయి లేదు, ఉత్తేజం ఎక్కువ. మంచిది. మరి కోపాన్ని? హాయి లేదు, ఉత్తేజం ఎక్కువ. రెండూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి!

కాని భయమూ కోపమూ ఒకటేనా? భయపడ్డవాడు వెనక్కి తగ్గుతాడు. కోపం వచ్చినవాడు ముందుకు దూకుతాడు. అసహ్యం కలిగినవాడు ముక్కు మూసుకుని ముఖం తిప్పుకుంటాడు. ఒకే అంకె వేసిన ముగ్గురు మూడు దిక్కులకు పోతున్నారు. అలాంటప్పుడు "హాయిలేని శబ్దం" అన్న ఒక్క మాట పరిశోధకుడికి చాలదు. ఆ శబ్దం ఏ ఉద్వేగాన్ని కలిగించిందో విడిగా తెలియాలి.

ఇదే రెండవ దారి. ఉద్వేగాలు విడివిడి జాతులని, ఒక్కొక్కదానికి ఒక్కో పని ఉందని ఈ దారిలో నడిచేవారు అంటారు. 1872లో చార్లెస్ డార్విన్ మనుషులలోను, జంతువులలోను ఉద్వేగాలు వ్యక్తమయ్యే తీరు మీద ఒక గ్రంథం రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో పాల్ ఎక్‌మన్ ముఖకవళికలను అధ్యయనం చేసి ఆనందం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం, ఆశ్చర్యం అనే ఆరింటిని ప్రాథమిక ఉద్వేగాలన్నాడు.

ఈ పేర్లు వినగానే మీలో కొందరికి భరతుని నాట్యశాస్త్రం గుర్తుకు వస్తుంది. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అని అక్కడ ఎనిమిది స్థాయీభావాలు. పోలిక ఆసక్తికరమే కాని రెండింటినీ ఒకటే అనుకోకూడదు. భరతుడు చెప్పింది రంగస్థలం మీద ప్రేక్షకుడికి రసం కలిగించే తీరు గురించి. మనం మాట్లాడుతున్నది ప్రయోగశాలలో కొలత గురించి. ఒక్క విషయం మాత్రం గమనించండి. పడమటి శాస్త్రవేత్తలు "ఆనందం" అని ఒక్క పేరు పెట్టిన చోట, మన పూర్వులు రతి, హాసం, ఉత్సాహం అని మూడు చూశారు. ఈ సంగతి మళ్లీ మనకు పనికివస్తుంది.

శబ్దాలను ఉద్వేగాలుగా విభజించడం

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన రయన్ స్టీవెన్‌సన్, థామస్ జేమ్స్ 2008లో ఈ రెండవ దారిని ఐ.ఎ.డి.ఎస్. శబ్దాలకు వర్తింపజేశారు. అంతకుముందు 2005లో చిత్రాల మీద, 2007లో ఇంగ్లీషు మాటల మీద ఇలాంటి పనే జరిగింది. ఇప్పుడు శబ్దాల వంతు. ఒక్కో శబ్దం విన్న తర్వాత ప్రయోజ్యులు ఒక్క ఉద్వేగం పేరు చెప్పి ఊరుకోలేదు. ఆనందం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం అనే అయిదింటిలో ఒక్కొక్కటి ఎంతమేరకు కలిగిందో అంకె వేశారు.

ఇది చాలా ముఖ్యమైన ఏర్పాటు. "ఇది భయమా, కోపమా?" అని అడిగితే విన్నవాడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. "భయం ఎంత? కోపం ఎంత?" అని విడివిడిగా అడిగితే, రెండూ కలిశాయని చెప్పే అవకాశం ఉంటుంది, ఏదీ లేదని చెప్పే అవకాశమూ ఉంటుంది.

లెక్క ఎలా చేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇవి నిజమైన పరిశోధన ఫలితాలు కావు, అభ్యాసం కోసం నేను వేసిన అంకెలు. 1 అంటే అసలు లేదు, 9 అంటే అత్యధికం.

పాము బుస: భయం 7.6, అసహ్యం 4.1, కోపం 2.0, దుఃఖం 1.5, ఆనందం 1.2.

వాంతి చేసుకుంటున్న చప్పుడు: అసహ్యం 7.8, దుఃఖం 2.9, భయం 2.2, కోపం 2.1, ఆనందం 1.1.

పసిబిడ్డ ఏడుపు: దుఃఖం 5.4, కోపం 4.9, భయం 4.6, అసహ్యం 2.3, ఆనందం 1.3.

గడియారం టిక్‌టిక్: అన్నీ 2 లోపే.

మొదటి రెండు శబ్దాలలో ఒక ఉద్వేగం మిగిలినవాటి కంటే స్పష్టంగా పైన ఉంది. వాటిని భయం, అసహ్యం అనే వర్గాలలో వేయవచ్చు. మూడవదానిలో మూడు అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. అది మిశ్రమ ఉద్వేగ శబ్దం. నాలుగవది ఏ వర్గానికీ చెందదు. ఎంత తేడా ఉంటే "స్పష్టంగా పైన ఉంది" అనవచ్చన్నది గణాంకశాస్త్రం నిర్ణయిస్తుంది. అందుకోసం సగటుతో పాటు అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో, అంటే ప్రామాణిక విచలనాన్ని కూడా చూడాలి.

ఆ పరిశోధన నుంచి తేలిన ముఖ్య విషయం ఇది. శబ్దం ఎంత హాయిగా ఉంది, ఎంత ఉత్తేజంగా ఉంది అన్న అంకెలు తెలిసినంత మాత్రాన అది ఏ ఉద్వేగాన్ని కలిగిస్తుందో పూర్తిగా రాబట్టలేం. ఉద్వేగం పేరు తెలిసినంత మాత్రాన ఆ అంకెలనూ పూర్తిగా చెప్పలేం. రెండు పట్టికలూ కావాలి. మనిషి ఎత్తు తెలిస్తే బరువు తెలియదు, బరువు తెలిస్తే ఎత్తు తెలియదు కదా! అలాంటిదే ఇది.

ఉద్వేగం శబ్దంలో ఉందా, అర్థంలో ఉందా?

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. నల్లబల్ల మీద గోళ్ల గీకుడుకు అర్థమేముంది? దాని వల్ల మనకు ప్రమాదమూ లేదు. అయినా ఒళ్లెందుకు జలదరిస్తుంది?

1986లో లిన్ హాల్పెర్న్, రాండాల్ఫ్ బ్లేక్, జేమ్స్ హిల్లెన్‌బ్రాండ్ ఇదే ప్రశ్న వేసుకున్నారు. మూడు కొనలున్న తోటపని పనిముట్టుతో పలక మీద గీకి, ఆ చప్పుడును రికార్డు చేశారు. అందులోని కీచు స్థాయి పౌనఃపున్యాలే బాధకు కారణమని అంతవరకు అందరూ అనుకునేవారు. వారు ఆ పై పౌనఃపున్యాలను వడకట్టి తీసేసినా శబ్దం అంతే బాధగా ఉంది. అసలు బాధ మధ్యస్థాయి పౌనఃపున్యాలలో ఉందని తేలింది. 2006లో ఈ పనికి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు నవ్వించి, ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది.

కేక సంగతి కూడా ఇలాంటిదే. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మనిషి భయంతో వేసే కేకలో ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్ల వేగంతో ఎగుడుదిగుడు అవుతుంది. అందువల్ల అది గరుకుగా వినిపిస్తుంది. మామూలు మాటలో ఈ ఎగుడుదిగుడు చాలా నెమ్మది, సెకనుకు నాలుగైదు సార్లు. ప్రమాద హెచ్చరిక గంటలలోను ఈ గరుకుతనం ఉంది. అంటే కొన్ని ఉద్వేగాలకు విత్తనం శబ్దపు నిర్మాణంలోనే ఉంది.

కాని అంతా నిర్మాణమే కాదు. వేడినూనెలో అప్పాలు వేగుతున్న చప్పుడును రికార్డు చేసి స్నేహితులకు వినిపించండి. కొందరికి "ఇది వాన" అని చెప్పండి, కొందరికి "ఇది వంట" అని చెప్పండి. కళ్లు మూసుకుని వింటే రెండింటినీ విడదీసి పోల్చుకోవడం తేలిక కాదు. అయినా ఒకరికి కిటికీ పక్కన కూర్చోవాలని, మరొకరికి వంటింట్లోకి పోవాలని అనిపిస్తుంది. శబ్దం ఒకటే, పేరు మారింది, ఉద్వేగం మారింది. అందుకే జాగ్రత్తగల పరిశోధకుడు "ఏమనిపించింది?" అన్న తర్వాత "ఇది దేని చప్పుడు అనుకున్నారు?" అని కూడా అడుగుతాడు.

ఊరు మారితే ఉద్వేగం మారుతుందా?

రాత్రివేళ గుడ్లగూబ కూస్తే మన పల్లెల్లో పెద్దవాళ్లు అపశకునం అంటారు. పెరటిగోడ మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. మాట మధ్యలో బల్లి పలికితే "సత్యం, సత్యం" అని వేలితో నేలను తడతారు. ఈ నమ్మకాలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. అయినా నమ్మేవారికి కలిగే ఉద్వేగం మాత్రం నిజమైనదే. అది కొలతలో కనిపిస్తుంది. ఇవి తెలియని దేశంలో తయారైన పట్టికలో గుడ్లగూబ కూత ఒక మామూలు పక్షి కూతగా ఉండవచ్చు. దానిని ఉన్నదున్నట్లు తెచ్చి మన దగ్గర వాడితే, మనం కొలుస్తున్నది ఏమిటో మనకే తెలియదు.

దీనిపై ఒక మంచి పరిశోధన 2010లో ప్రచురితమైంది. డీసా సాటర్, ఆమె సహచరులు ఇంగ్లీషు మాట్లాడేవారిని, ఉత్తర నమీబియాలోని మారుమూల గ్రామాలలో నివసించే హింబా ప్రజలను పోల్చారు. మాటలు లేని నవ్వులు, ఏడుపులు, అరుపులు వంటి కంఠధ్వనులను ఒకరివి ఒకరికి వినిపించారు. కోపం, భయం, అసహ్యం, దుఃఖం, ఆశ్చర్యం వంటివి ఇటువారివి అటువారు పోల్చుకున్నారు. నవ్వును పోల్చుకున్నారు. కాని విజయోత్సాహం, ఉపశమనం వంటి అనేక సంతోష ధ్వనులు మాత్రం ఒక సంస్కృతి నుంచి మరొకదానికి సరిగా అందలేదు. "ఆనందం" అనే ఒక్క పేరు కింద చాలా రకాలు ఉన్నాయని ఇందాక మనం అనుకున్నాం. ఇక్కడ అది మళ్లీ కనిపిస్తున్నది.

భాషతో కూడా చిక్కు ఉంది. ఇంగ్లీషు ప్రశ్నపత్రంలోని మాటను తెలుగులో "అసహ్యం" అని రాస్తే, ఒకరు మురికికాలువ వాసనను తలచుకుంటారు, మరొకరు తమకు నచ్చని మనిషిని తలచుకుంటారు. "రోత" అంటే అర్థం కడుపులో తిప్పడానికి దగ్గరవుతుంది. "దుఃఖం" అని అడిగితే వచ్చే అంకె, "దిగులు" అని అడిగితే రాకపోవచ్చు. కనుక శబ్దాలనే కాదు, ప్రశ్నలోని మాటలను కూడా ముందుగా పరీక్షించుకోవాలి. జపాన్‌లోని పరిశోధకులు కొత్త శబ్దాలు చేర్చి, తమ వారితో మళ్లీ అంకెలు వేయించి, 935 శబ్దాలతో విస్తృతమైన సంకలనాన్ని 2018లో ప్రచురించారు. రోకటిపోటు, కుక్కర్ కూత, ఉగాది కోయిల, రైల్వేస్టేషను చాయ్ కేకలతో మన భాషలలోనూ అలాంటి పని విస్తృతంగా జరగవలసి ఉంది. మీలో ఎవరైనా రేపు ఆ పని చేయవచ్చు.

సగటు వెనక ఉన్న మనిషి

ఇక నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. 1994లో ఎమ్మే విద్యార్థులకు ప్రాక్టికల్స్ క్లాసు తీసుకుంటున్నాను. టేప్‌రికార్డర్‌లో పది శబ్దాలు వినిపించి, ఒక్కో ఉద్వేగానికి 1 నుంచి 9 వరకు అంకె వేయమన్నాను. అందులో ఒకటి గాలి చప్పుడు. ఈలలా సన్నగా మొదలై కాస్త పెరిగి ఆగిపోతుంది. ఏ ఉద్వేగమూ కలిగించని శబ్దం ఒకటి ఉండాలి కనుక దానిని పెట్టాను. క్లాసులో 30 మంది. భయం అన్న గడిలో 29 మంది 1 గాని 2 గాని వేశారు. సగటు 1.6 వచ్చింది. "చూశారా, ఇది తటస్థ శబ్దం" అని బోర్డు మీద రాశాను.

క్లాసు అయిపోయాక ఒక విద్యార్థి ఆగాడు. తన కాగితం చూపించాడు. ఆ గడిలో 9 వేసి ఉంది. అతనిది దివిసీమ. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా తీరాన్ని తుపాను, ఉప్పెన ముంచెత్తినప్పుడు అతనికి అయిదేళ్లు. ఆ ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారని మీరు చదివే ఉంటారు. "సార్, ఆ రాత్రి కూడా మొదట ఇలాగే మొదలైంది" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

లెక్కలో తప్పు లేదు. 30 మంది అంకెలు కూడి 30తో భాగిస్తే 1.6 రావలసిందే. కాని ఆ సగటులో అతని 9 మునిగిపోయింది. ఆ పిల్లవాడికి ఆ గాలి ఏ దేశంలోనూ, ఏ పట్టికలోనూ తటస్థ శబ్దం కాదు. దానికి మించిన తప్పు ఇంకొకటి ఉంది. ఏయే శబ్దాలు వినిపించబోతున్నానో నేను ముందుగా చెప్పలేదు, ఇష్టం లేనివారు బయటికి వెళ్లవచ్చని చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను ఆ రెండూ చెప్పకుండా ఒక్క శబ్దం కూడా వినిపించలేదు. ఈరోజు మీకు వినిపించిన మూడు శబ్దాల విషయంలో మాత్రం నాకు వేరే దారి లేక, ఎవరినీ గాయపరచవని తోచినవాటినే ఎంచుకున్నాను. అయినా టెలిఫోను గంట మీలో ఎవరికైనా ఇబ్బంది కలిగించి ఉంటే, అది మీ బలహీనత కాదు. మీ అనుభవం.

ఇంకొక చిన్న లెక్క చూడండి. రైలు కూత విని పదిమంది ఆనందానికి అంకెలు వేశారు. అయిదుగురు 8 వేశారు. వారికి అది సెలవులకు ఇంటికి వెళ్లే రైలు. అయిదుగురు 2 వేశారు. వారికి అది ఇల్లు విడిచి హాస్టలుకు వెళ్లే రైలు. సగటు 5. కాని 5 వేసినవారు ఒక్కరూ లేరు! అందుకే సగటు ఒక్కటే చూడవద్దని, అంకెల చెదురును కూడా చూడాలని ఇందాక చెప్పాను. చెదురు ఎక్కువగా ఉన్నచోట కొలత చెడిపోయిందని అనుకోకండి. అక్కడ మనుషులు వేరువేరుగా బతికారని అర్థం చేసుకోండి.

మీరు చేయదగిన ప్రయోగం

ఈ చిన్న ప్రయోగాన్ని మీ కళాశాలలోనో, పాఠశాలలోనో చేయవచ్చు.

1. మీ పరిసరాలలోని పది చప్పుళ్లను ఎంచుకుని, ఒక్కొక్కటి ఆరు సెకన్ల చొప్పున రికార్డు చేయండి. అన్నీ ఒకే బిగ్గరగా ఉండాలి. లేకపోతే మీరు కొలిచేది ఉద్వేగాన్ని కాదు, పెద్ద చప్పుడును.

2. ప్రయోజ్యులకు ముందుగా విషయం చెప్పి, వారి అంగీకారం తీసుకోండి. మధ్యలో ఆపివేసే హక్కు వారికి ఉందని చెప్పండి. కేకలు, ప్రమాదాల చప్పుళ్లు వాడవద్దు.

3. ఒక్కొక్కరికి శబ్దాల వరుస మార్చండి. నవ్వు తర్వాత విన్న గంటకు, ఏడుపు తర్వాత విన్న గంటకు అంకెలు మారవచ్చు.

4. ప్రతి శబ్దానికి ఆనందం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం అనే అయిదింటికీ 1 నుంచి 9 వరకు అంకె వేయించండి. చివర "ఇది దేని చప్పుడు?" అని, "ఇది విన్నప్పుడు ఏదైనా గుర్తుకు వచ్చిందా?" అని రాయించండి. రెండవ ప్రశ్నకు జవాబు ఇష్టమైతేనే రాయవచ్చు.

5. సగటు, ప్రామాణిక విచలనం లెక్కకట్టి, ఏ శబ్దం ఒకే ఉద్వేగానిదో, ఏది మిశ్రమమో, ఏది తటస్థమో విభజించండి. ఆ తర్వాత సగటుకు చాలా దూరంగా ఉన్న కాగితాలను విడిగా తీసి, పారేయకుండా, మరోసారి చదవండి.

సారాంశం

శబ్దం వల్ల కలిగే ఉద్వేగాన్ని కొలమానం మీద గుర్తుగానూ కొలవవచ్చు, విడివిడి పేర్లుగానూ కొలవవచ్చు. భయం, కోపం కొలమానం మీద ఒకే చోటికి వస్తాయి కనుక మొదటిది ఒక్కటే చాలదు. కొన్ని శబ్దాలు ఒకే ఉద్వేగాన్ని, కొన్ని అనేక ఉద్వేగాలను కలిగిస్తాయి. కొన్ని ఏదీ కలిగించవు. ఉద్వేగంలో కొంత భాగం ధ్వని నిర్మాణం నుంచి, కొంత దాని అర్థం నుంచి, కొంత విన్నవారి జీవితం నుంచి వస్తుంది. ఒక దేశపు పట్టికను మరో దేశంలో పరీక్షించకుండా వాడరాదు.

ప్రశ్నలు

1. కుక్క మొరుగు విని ఇద్దరు ప్రయోజ్యులు హాయి, ఉత్తేజం గడులలో ఒకే అంకె వేశారు. వారికి కలిగిన ఉద్వేగం ఒకటే అని చెప్పగలమా? కారణం రాయండి.

2. "ఏదో ఒక ఉద్వేగాన్ని ఎంచుకోండి" అని అడగడం కంటే ప్రతి ఉద్వేగానికీ అంకె వేయించడం ఎందుకు మేలు?

3. మీ ఊరిలో అందరికీ తెలిసిన ఒక చప్పుడును చెప్పండి. బయటివారికి అది వేరే ఉద్వేగాన్ని కలిగిస్తుందని మీరు ఎందుకు అనుకుంటున్నారు?

ఈ పాఠం ముగిశాక టెలివిజన్ ఆపివేసి, ఒక్క నిమిషం నిశ్శబ్దంగా కూర్చోండి. మీ ఇంట్లో, వీధిలో వినిపించే చప్పుళ్లను ఒక్కొక్కటిగా రాసుకోండి. వాటిలో మీకు ఏమీ అనిపించనిది ఏదో చూసి, అది ఎవరికి ఏమైనా అనిపించవచ్చునో ఆలోచించండి. మీ పరిశోధన అక్కడ మొదలవుతుంది.